అనుమతుల ఫైలు రాసే చేతులు ఎవరివి?

లా చివరి సంవత్సరంలో ఉన్న మన విద్యార్థుల్లో చాలామందిని వేధించే ప్రశ్న ఒకటుంది. పెద్ద లా ఫర్మ్‌లో రెగ్యులేటరీ ప్రాక్టీస్‌లో చేరితే భవిష్యత్తు ఎలా ఉంటుంది? ప్లేస్‌మెంట్ సెల్ దీనికి జీతం లెక్కలతో జవాబు చెబుతుంది. ఉద్యమ సభల్లో ‘కంపెనీల కొలువు మనకెందుకు’ అన్న జవాబు వస్తుంది. రెండూ సగం జవాబులే. అరకు, అనంతగిరి, పాడేరు, సాలూరు కొండలను ముందు పెట్టుకుని మిగతా సగాన్ని వెతకాలన్నది మా ప్రయత్నం. ఈ ప్రాక్టీసు ఎలా పనిచేస్తుందో, ఎవరికి పనికొస్తుందో ఇంత స్పష్టంగా కనిపించే ప్రాంతాలు తెలుగు నేల మీద ఎక్కువ లేవు.

మా వాదన ముందే చెప్పేస్తాం. కొండల భవితవ్యం ఇప్పుడు కోర్టులో తీర్పు వచ్చే రోజున కన్నా చాలా ముందే, అనుమతుల ఫైలులో నిర్ణయమైపోతోంది. ఆ ఫైలు రాయగలిగిన లాయర్లు ఒక పక్షాన దండిగా ఉన్నారు, రెండో పక్షాన వేళ్ల మీద లెక్కపెట్టాలి. మన పిల్లలు ఈ విద్య నేర్చుకోవాలి. నేర్చుకున్నాక మన వైపు నిలబడి బతకగలిగే ఏర్పాటు చేయడం మాత్రం ఒక్కొక్క విద్యార్థి త్యాగం మీద వదిలేసే పని కాదు.

ఒక ప్రాజెక్టు, పది తలుపులు

రెగ్యులేటరీ ప్రాక్టీస్ అంటే ఏమిటో పుస్తకం భాషలో కాకుండా అనంతగిరి మండలం భాషలో చెప్పుకుందాం. ఆ మండలంలో పెదకోట దగ్గర పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టు ప్రతిపాదన ఉంది. పార్వతీపురం మన్యం జిల్లాలో కురుకుట్టి, కర్రివలస దగ్గర కూడా ఇలాంటివే ఉన్నాయి. కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడతారు, గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఈ ప్రతిపాదనలకు వ్యతిరేకంగా కొండ గ్రామాల జనం ఊరేగింపులు తీశారు, ధర్నాలు చేశారు.

జనం ధర్నా చేస్తున్న సమయంలోనే ఇంకోచోట, ఏసీ గదుల్లో, ఇలాంటి ప్రాజెక్టు ఒక్కొక్క తలుపూ దాటుతూ ఉంటుంది. విద్యుత్ చట్టం 2003 ఏం కోరుతుందో చూసుకోవాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. అడవి భూమి ఉంటే అటవీ సంరక్షణ చట్టం కింద మళ్లింపు కావాలి. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం అక్కడి జనం హక్కులు తేలాలి. పీసా చట్టం 1996 ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభతో సంప్రదించాలి. భూసేకరణ చట్టం 2013లోని 41వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో వీలైనంతవరకూ భూమి తీసుకోకూడదు, తప్పనిసరై తీసుకుంటే గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలి. వీటన్నిటి పైనా 1/70 ఉంది. నీటి కేటాయింపు, కరెంటు ధర ఒప్పందం, బ్యాంకు అప్పు కాగితాలు వేరే.

ఏ తలుపు ముందు తట్టాలి, ఏ దరఖాస్తులో ఏ మాట వాడాలి, ఏ షరతును ఎలా చదవాలి, అధికారి వేసిన కొర్రీకి ఏం జవాబు రాయాలి అని చూసుకునే పనినే రెగ్యులేటరీ ప్రాక్టీస్ అంటున్నారు. కోటు వేసుకుని వాదించేది తక్కువ, చదివేది, రాసేది ఎక్కువ. గనులు, కరెంటు, ఓడరేవులు, టెలికాం, మందులు, డేటా అంటూ ఏ రంగంలో ప్రభుత్వ అనుమతి అవసరమో ఆ రంగంలో ఈ లాయర్లకు పని ఉంటుంది. కంపెనీల కొనుగోళ్లు, విలీనాలు మందగించిన ఏడాది కూడా లైసెన్సుల పునరుద్ధరణ, తనిఖీలు, నోటీసులు ఆగవు. అందుకే కెరీర్‌గా దీనికి నిలకడ ఎక్కువ. ఈ మాట నిజమే, దాచనక్కర్లేదు.

ఈ విద్య పుట్టిల్లు మన కొండలే

కెరీర్ క్లాసుల్లో చెప్పని సంగతి ఒకటుంది. తెలుగు నేల మీద రెగ్యులేషన్ అన్న మాట కంపెనీల కోసం పుట్టలేదు, ఆదివాసుల భూమిని షావుకార్ల నుంచి కాపాడడానికి చట్టంలోకి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టం దానికి మొదలు. తర్వాత 1959 నాటి మొదటి రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ. మనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది దాన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. రుజువు భారాన్ని బలవంతుడి నెత్తిన పెట్టిన చట్టాలు మన దేశంలో ఎన్ని ఉన్నాయో వెతికి చూడండి, దీని విలువ అర్థమవుతుంది. ఈ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో తేల్చింది.

ఆ రెగ్యులేషన్‌లోని ఒక్క మాట మీద దేశంలోనే పెద్ద గనుల తీర్పు నిలబడింది. అనంతగిరి మండలం బొర్రా అటవీ ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులను ‘సమత’ అనే సంస్థ సవాలు చేసింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లింది. భూమి బదలాయించకూడని ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందా రాదా అన్నది అక్కడి ప్రధాన ప్రశ్న. 1997 జూలై 11న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు వస్తుందన్నారు. అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకు ఇవ్వడం చెల్లదు. ప్రభుత్వ సంస్థో, గిరిజన సహకార సంఘమో తవ్వవచ్చు. అలా తవ్వినా నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలి.

ఆ మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి. సుప్రీంకోర్టు దాకా చేరిన కొద్దిమంది దళిత న్యాయమూర్తుల్లో ఆయన ఒకరు. పదవీకాలం చివరి రోజుల్లో రాసిన తీర్పు అది. ఒక చట్టంలోని ఒక్క మాటను ఎవరు చదువుతున్నారు, ఏ జీవితానుభవంతో చదువుతున్నారు అన్నది ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

తీర్పు వచ్చాక మొదలైన పని

తీర్పుతో కథ అయిపోయిందని మనం పండగ చేసుకున్నాం. అవతలి పక్షం లాయర్లకు అసలు పని అప్పుడే మొదలైంది. ఐదో షెడ్యూల్‌నే సవరించి సమత తీర్పు అడ్డు తొలగించుకోవచ్చా అని 2000లో కేంద్ర గనుల శాఖ నోట్ తయారుచేసిన సంగతి బయటపడింది. అది ముందుకు సాగలేదు. 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టు సమత మెజారిటీ తీర్పు సరైనదేనా అన్న విషయంలో తనకు గట్టి సందేహాలున్నాయని రాసింది. సమతలో ఉన్నది ఆంధ్రప్రదేశ్ రెగ్యులేషన్, మధ్యప్రదేశ్ చట్టంలో ఆ మాటలు లేవు అన్న తేడా చూపించింది. తీర్పును కొట్టేయకుండానే దాన్ని ఒక రాష్ట్రానికి కుదించే దారి అలా పడింది.

ఇక మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 2005లో జిందాల్ కంపెనీతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం కుదుర్చుకుంది. కొండ మీద బాక్సైట్ తవ్వేది ప్రభుత్వ రంగంలోని ఖనిజాభివృద్ధి సంస్థ. కొనుక్కునేది ప్రైవేటు కంపెనీ. రిఫైనరీ కట్టేది ఎస్.కోట దగ్గర, అంటే షెడ్యూల్డ్ ప్రాంతం గీత దాటాక. జెర్రెల బాక్సైట్‌తో మాకవరపాలెంలో అన్‌రాక్ కంపెనీకి వేసిన పథకమూ ఇదే నమూనా. సమత తీర్పులో ప్రభుత్వ సంస్థకు ఇచ్చిన మినహాయింపునే తలుపుగా మార్చుకుని, లోపల ఖనిజం, బయట లాభం అని పంచుకున్న నిర్మాణం ఇది. ఒప్పందం రాసేటప్పుడు ఎవరో తీర్పును అక్షరం అక్షరం చదివారు. మంచి లాయరు చేసే పని అదే. 2015 నవంబరులో 97వ నంబరు జీవోతో చింతపల్లి, జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు ఇవ్వబోయినప్పుడు మన్యమంతా లేచింది. జీవో నిలిచిపోయింది. చివరకు 2019లో కొత్త ప్రభుత్వం బాక్సైట్ అనుమతులను వెనక్కి తీసుకుంది. ఆపింది జనమే. అయితే పదేళ్లకు పైగా జనాన్ని వీధిలో నిలబెట్టింది ఆ కాగితం మీది నిర్మాణమే.

ఇలాంటి పని దేశస్థాయిలోనూ ఆగలేదు. అడవి మళ్లింపుకు ముందు అటవీ హక్కులు తేల్చి గ్రామసభ సమ్మతి తీసుకోవాలని 2009 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ సర్క్యులర్ ఇచ్చింది. ఆ గ్రామసభ బలమేమిటో 2013లో నియమగిరి చూపించింది. సుప్రీంకోర్టు ఆదేశం మీద ఒడిశాలోని తూర్పు కనుమల్లో జరిగిన 12 గ్రామసభలూ గనిని తిరస్కరించాయి. 2022 జూన్‌లో వచ్చిన అటవీ సంరక్షణ నిబంధనలు ఈ హక్కుల బాధ్యతను కేంద్రం ఆమోదానికి ముందు మెట్టు నుంచి తీసి రాష్ట్రాల మీదికి నెట్టాయి. కేంద్రం ముందే సరేనన్నాక గ్రామసభ కాదనగలదా? జాతీయ ఎస్టీ కమిషన్ కూడా అభ్యంతరం చెప్పింది. రెండు మెట్ల వరుస మార్చడం కాగితం మీద చిన్న మార్పు. కొండ మీద అదే మొత్తం మార్పు. అది గుర్తుపట్టడానికి కావాల్సింది ఈ ప్రాక్టీసు నేర్పే చూపే.

గేటు దగ్గర ఎవరున్నారు

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఢిల్లీ, ముంబై, బెంగళూరు పెద్ద ఫర్మ్‌లలో కొత్తగా చేరినవాళ్లకు నెలకు లక్ష దాటి ఇస్తారు. జిల్లా కోర్టులో సీనియర్ దగ్గర చేరిన జూనియర్‌కు ఏమిస్తారో అందరికీ తెలుసు. చాలా చోట్ల ఏమీ ఇవ్వరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో కొత్త లాయర్లకు నెలకు 5,000 రూపాయలు మొదలుపెట్టింది. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు పేరుతో బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజుతుంటే, చట్టంలో ఉన్న మొత్తానికి మించి తీసుకోవద్దని సుప్రీంకోర్టు 2024 జూలై 30న చెప్పింది. ఎస్సీ, ఎస్టీలకు ఆ మొత్తం 125 రూపాయలే. అంటే వృత్తి గుమ్మం దగ్గరే ఇన్నేళ్లూ మన పిల్లల దగ్గర చట్టం ఒప్పుకోని సొమ్ము వసూలు చేశారన్నమాట.

ఫర్మ్ గేటు వేరే రకం. అక్కడ రిజర్వేషన్ వర్తించదు. నేషనల్ లా యూనివర్సిటీ పేరు, ఇంటర్న్‌షిప్పుల జాబితా, తడబడని ఇంగ్లిష్, తెలిసినవాళ్ల సిఫార్సు చూస్తారు. మూడు నాలుగు నెలలు మహానగరంలో జీతం లేకుండా ఇంటర్న్‌షిప్ చేయగలిగినవాళ్లెవరు? కులం అడగకుండానే కులం తేల్చేసే పద్ధతి ఇది. ప్రభుత్వ వ్యవస్థలోనే పరిస్థితి ఎలా ఉందో చూడండి. 2018 నుంచి 2022 డిసెంబరు వరకు హైకోర్టుల్లో నియమితులైన 537 మంది జడ్జీల్లో ఎస్సీలు 2.8 శాతం, ఎస్టీలు 1.3 శాతం అని కేంద్ర న్యాయశాఖే పార్లమెంటరీ కమిటీకి చెప్పింది. హైకోర్టు జడ్జీల లెక్క పార్లమెంటు అడిగితే బయటికొచ్చింది. ప్రైవేటు ఫర్మ్‌ల లెక్క అడిగే చోటే లేదు.

అందువల్ల ఒక దళిత విద్యార్థిని ఆ గేటు దాటి లోపలికి వెళితే, మేం ఆమెను ద్రోహి అనబోం. తండ్రి అప్పు తీర్చాలి, తమ్ముడిని చదివించాలి. అంబేద్కర్ జీవితం చూడండి. 1923లో బొంబాయిలో బారిస్టరుగా మొదలుపెట్టినప్పుడు సనదు కోసం స్నేహితుడి దగ్గర అప్పు చేశారు. అంటరాని బారిస్టరుకు బ్రీఫు ఇచ్చే సొలిసిటర్లు తక్కువ. 1925 నుంచి 1928 దాకా ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం పాఠాలు చెప్పి ఇల్లు నడిపారు. ఆ కాలంలోనే మహాడ్ చెరువు పోరాటం నడిపారు. తర్వాత వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా నీరు, విద్యుత్ విధానాలు చూసింది కూడా ఆయనే. అనుమతులు, నియంత్రణ, విద్యుత్తు మన విషయాలు కావని ఆయన అనుకోలేదు.

‘నేర్చుకుని మన వైపు వస్తాను’ అంటే?

చాలామంది విద్యార్థుల మనసులో ఉండే ఆలోచన ఇది. ఐదేళ్లు ఫర్మ్‌లో చేస్తాను, పని నేర్చుకుంటాను, తర్వాత జనం వైపు వస్తాను. మంచి ఆలోచనే. అయితే కొన్ని సంగతులు తెలిసి అడుగేయాలి.

మొదటిది, క్లయింటు చెప్పిన రహస్యాలు జీవితాంతం రహస్యాలే. ఒక వ్యవహారంలో ఒక పక్షానికి సలహా చెప్పిన లాయరు అదే వ్యవహారంలో ఎదుటి పక్షాన నిలబడకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. ఫర్మ్ నుంచి నైపుణ్యం తెచ్చుకోవచ్చు, ఫైలు తెచ్చుకోలేరు. మీ ఊరి కొండ మీది ప్రాజెక్టు ఫైలు మీ బల్ల మీదికి వస్తే, ఆ రోజు దాన్ని ముట్టుకోవడమంటే రేపు మీ ఊరి తరఫున నిలబడే హక్కు వదులుకోవడమే. ఆ పని నాకు వద్దని అడగగల ధైర్యం ఆ రోజు కావాలి. అలా అడిగితే ఒప్పుకుంటారా అన్నది ఫర్మ్‌లో చేరకముందే తెలుసుకోవాలి.

రెండోది, పూర్తికాలం జీతగాడిగా పనిచేసే అడ్వకేటు ప్రాక్టీసు చేయకూడదని మరో నిబంధన. అందుకే ఫర్మ్‌లు చాలావరకూ జీతం అనకుండా రిటైనర్ అంటాయి. కాగితం మీద మీరు ఉద్యోగి కారు. పీఎఫ్, గ్రాట్యుటీ, తొలగిస్తే అడిగే హక్కు ఉంటాయో ఉండవో ఒప్పందం చదివి చూసుకోండి. కంపెనీలో నేరుగా లా ఆఫీసరుగా చేరితే సనదు పక్కన పెట్టాల్సి వస్తుంది.

మూడోది, ఈ ప్రాక్టీసులో రెండు రకాల పని ఉంది. చట్టం ఏం కోరుతుందో క్లయింటుకు చెప్పి పాటింపజేయడం ఒకటి. గ్రామసభ తీర్మానం సరిగా జరగకపోతే ‘ఈ కాగితం నిలబడదు, మళ్లీ పెట్టండి’ అని చెప్పే లాయరు కంపెనీ లోపల ఉన్నా ఊరికి మేలు చేస్తాడు. చట్టాన్ని ఎక్కడ తప్పించుకోవచ్చో వెతకడం రెండోది. ఏ టీమ్ ఏది ఎక్కువ చేస్తుందో ఇంటర్న్‌గా నాలుగు వారాలు కూర్చుంటే తెలుస్తుంది.

ఇవతలి బల్ల ఖాళీగా ఎందుకుంది

ఇక రెండో పక్షం. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. వందల పేజీల ఇంగ్లిష్ నివేదిక, తెలుగులో సారాంశం. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పల్లెలో ఆ తెలుగు కూడా పరాయి భాషే. 30 రోజుల్లో దాన్ని చదివి, తప్పులు పట్టి, అభ్యంతరం రాయగల మనిషి ఆ ఊరికి కావాలి. అనుమతి వచ్చేశాక ఎన్‌జీటీలో అప్పీలుకు మళ్లీ 30 రోజులే, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఆ బెంచి చెన్నైలో ఉంది. హైకోర్టు అమరావతిలో, పాడేరుకు దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో. 1/70 కేసులు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర మొదలై, ఏజెంటు దగ్గర అప్పీలుకు వెళ్లి, పైకి పాకుతాయి.

లీగల్ సర్వీసెస్ చట్టం 1987 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. కానీ ఆ సహాయం కేసు పడ్డాక వస్తుంది. కేసు పడే నాటికి కొండ మీద రోడ్డు వేసేసి ఉంటారు.

ఇందులో దళితుల వాటా ప్రశ్న కూడా ఉంది. ఏజెన్సీలో తరాలుగా బతుకుతున్న ఎస్సీ కుటుంబాలు అటవీ హక్కుల చట్టంలో ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’గా వస్తాయి. 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడున్నట్టు రుజువు చూపాలి. భూమి లేనివాడికి, బడి మెట్లెక్కనివాడికి 75 ఏళ్ల కాగితం ఎక్కడిది? పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని నిబంధనల్లోనే ఉంది. ఆ మాట తెలిసిన లాయరు లేక దరఖాస్తు తిరిగొస్తుంది. మేం 1/70ని ఒక్క అక్షరం కూడా సడలించమని అడగం. ఆదివాసీ భూమి రక్షణకూ దళితుల అటవీ హక్కుకూ మధ్య తగవు పెట్టి కంపెనీ లాభపడే రోజు రాకూడదంటే రెండు చట్టాలూ తెలిసిన మనుషులు మనకు కావాలి.

అడగాల్సినవి

ఒకటి, కొత్త లాయర్లకు ఇచ్చే స్టైపెండ్‌లో ఏజెన్సీకి ప్రత్యేక భాగం ఉండాలి. పాడేరు, పార్వతీపురం, రంపచోడవరం ఐటీడీఏల పరిధిలో భూమి, అటవీ, గనుల చట్టాల మీద పనిచేసే ఎస్సీ, ఎస్టీ జూనియర్లకు బతకడానికి సరిపోయే మొత్తం ఐదేళ్లపాటు ఇవ్వాలి.

రెండు, న్యాయ సేవాధికార సంస్థలు ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన వెలువడిన రోజే ఆ గ్రామసభకు ఒక లాయరును, ఒక అనువాదకుడిని ఇవ్వాలి. హక్కు ఉచిత న్యాయ సహాయమైనప్పుడు అది కోర్టు గుమ్మం దగ్గరే మొదలవ్వాలని ఎక్కడా లేదు.

మూడు, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య పేరు మీద జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. తొలి దళిత ముఖ్యమంత్రి పేరు పెట్టుకున్న సంస్థకు కొండలు కనుచూపు మేరలో ఉన్నాయి. అక్కడి లీగల్ ఎయిడ్ క్లినిక్‌కు ఏజెన్సీ అనుమతుల ఫైళ్లు చదవడం నిత్య పాఠం కావాలి.

నాలుగు, పెద్ద ఫర్మ్‌లు తమ లాయర్లలో ఎస్సీ, ఎస్టీలు ఎందరో ప్రకటించాలి, ఇంటర్న్‌లకు డబ్బు చెల్లించాలి. ప్రభుత్వ సంస్థల పని తీసుకునే ఫర్మ్‌లకు ఇది షరతుగా పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఐదోది మనకు. సభకు, బ్యానరుకు, బస్సుకు చందాలు వేసుకుంటాం. లాయరు మాత్రం ఉచితంగా రావాలనుకుంటాం. కన్నబిరాన్, బాలగోపాల్, బొజ్జా తారకం లాంటి వాళ్లు అలా వచ్చారు కాబట్టి ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తారని అలవాటుపడ్డాం. ఫర్మ్‌లో ఉన్న మన లాయర్లు నెలకు కొంత వేసుకుంటే కొండ మీద ఒక జూనియర్ నిలబడగలడు. లోపలికి వెళ్లినవాళ్లకూ బయట ఉన్నవాళ్లకూ మధ్య ఇలాంటి లెక్క ఒకటి ఉంటే, ‘మన వైపు వస్తాను’ అన్న మాట కోసం ఐదేళ్లు ఆగనక్కర్లేదు.

విద్యార్థులకు ఒక చిన్న పని చెప్పి ముగిస్తాం. పర్యావరణ శాఖ అనుమతుల పోర్టల్ ‘పరివేష్’ అందరికీ తెరిచే ఉంటుంది. మీ జిల్లాలో పెండింగ్‌లో ఉన్న ఒక ప్రాజెక్టు ఫైలు దించుకోండి. గ్రామసభ తీర్మానాలు జతచేశారో లేదో, తేదీలు, సంతకాలు సరిపోతున్నాయో లేదో చూడండి. ఏ ఊరి పేరు వదిలేశారో గుర్తించండి. ఆ ఊరికి ఒకసారి వెళ్లిరండి. రెగ్యులేటరీ ప్రాక్టీస్ మీకు సరిపడుతుందో లేదో, ఎవరి కోసం చేయాలనిపిస్తోందో అక్కడే తెలుస్తుంది.